సూడి ధరకు కొన్న షేర్లు

మా బాపుకు షేర్ల మీద ఉన్న ప్రేమలో పావలా వంతు మనుషుల మీద ఉంటే మా ఇంటి కథ వేరేగా ఉండేది. కరీంనగర్‌లో మాది బట్టల దుకాణం. నేతగాళ్ల దగ్గర గీసి గీసి బేరమాడి మిగిల్చిన డబ్బుతో హైదరాబాద్‌లోని ఒక మిల్లు షేర్లు కొనేవాడు. పొద్దున దేవుడికి దండం పెట్టడం మరిచినా మరిచేవాడు గానీ, మధ్యాహ్నం బస్సులో పేపరు రాగానే చేతులు కడుక్కొని మరీ ధరల పేజీ తెరిచేవాడు.

ఆ ధరల నడక నాకు బాపుకు అన్నం వడ్డిస్తూ వినడం వల్లనే తెలిసింది. మిల్లువాళ్లు డివిడెండ్ ప్రకటించి, ఫలానా రోజున షేర్లున్నవాళ్ల పేర్ల పుస్తకం మూస్తామంటారు. ఆ రోజుకు పుస్తకంలో ఎవరి పేరుంటే డివిడెండ్ వాళ్లకే. అందుకని అంతకు ముందు అమ్మే షేరు ధరలో ఆ డబ్బు కూడా కలిసి ఉంటుంది. పుస్తకం మూశాక దాదాపు అంత మేరకు ధర దిగుతుంది. మిల్లుకు ఏ రోగమూ రాలేదు, కడుపులో ఉన్నది బయటికి వచ్చింది, అంతే. మిల్లు బాగా నడుస్తుంటే మళ్లీ ఏటికి మెల్లగా లేస్తుంది. బాపుకు ఇదంతా కొట్టిన పిండి.

బాపు చెల్లెలు, మా మేనత్త, బెల్లంపల్లిలో ఉండేది. బొగ్గుబావిలో పనిచేసే మామ జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, ఒక రేకుల గది కిరాయికి తీసుకొని, రెండు బర్రెలతో పాలమ్ముకొని బతికేది. నన్ను కన్న అవ్వ అప్పటికే పోయింది కాబట్టి అన్న దగ్గరికి పొమ్మని అందరూ చెప్పినవాళ్లే.

"వదినె లేని ఇంట్లకు నేను వోతే వంటమనిషినే అయిత. నా బువ్వ నేను తింట" అనేది అత్త. ఆమె కోరిందల్లా అదొక్కటే.

మోకాళ్లు పట్టేసి పాలు పిండడం కష్టమైనప్పుడు బాపు దారి చూపించాడు. "బర్రెలను అమ్మి నా షేర్లు తీస్కో చెల్లె. గడ్డి వేసుడు లేదు, పెండ తీసుడు లేదు. యాడాదికోపారి డివిడెండ్ ఇంటికొస్తది."

అత్త బర్రెలను అమ్మిన రోజు నేను పశువుల అంగడిలో ఆమె పక్కనే ఉన్నాను. ఒకటి సూడి బర్రె. అత్త దాని కడుపు మీద చెయ్యి వేసి, "లోపట దుడ్డె ఉన్నది. గది ఉత్తగ ఎట్లిస్త?" అని పట్టుబట్టి దుడ్డెకు కూడా ధర కట్టించింది. డబ్బు ముట్టాక తలుగు తాడూ, దాంతో పిడికెడు గడ్డీ కొన్నవాడి చేతిలో పెట్టింది. మా అంగట్లో అదే రిజిస్ట్రీ. ఆ తర్వాత బర్రె దారిలో ఈనినా దుడ్డె కొన్నవాడిదే.

బాపు ఆమెకు షేర్లు అమ్మింది పుస్తకం మూసే ముందు వారం. పూర్తి ధర తీసుకున్నాడు, సూడి ధర. సంతకం చేసిన బదిలీ కాగితం ఒకసారి ఆమె చేతిలో పెట్టి మళ్లీ తీసుకున్నాడు. "మిల్లుకు పంపి నీ పేరు ఎక్కించుడు నేను జూస్కుంట. నీకెందుకు ఫికర్?" అన్నాడు. తలుగు చేతికొచ్చింది కదా, ఇక తనదే అనుకుంది పిచ్చి మనిషి. కాగితం మాత్రం పుస్తకం మూసేదాకా దుకాణంలో గద్దె కిందే ఉంది. డివిడెండ్ బాపు పేరు మీద వచ్చింది. న్యాయంగా దాన్ని అత్తకు ఇచ్చెయ్యాలి. ఆయన పప్పన్నం కలుపుకుంటూ నాకు నవ్వుతూ చెప్పాడు: "సూడి ధర వెట్టి ఈనిన బర్రెను తోల్కపోయింది!"

నెల తిరక్కుండా అత్త వచ్చింది. ధర పడిపోయిందని ఎవరో చెప్పారట.

"గింత పడ్డదేందన్నా? మిల్లు మునుగుతున్నదా?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. బాపు పెదవి విరిచి, "ఏమో చెల్లె, చెప్పరాదు" అన్నాడు.

"డివిడెండ్ పోయింది గనుక దిగింది, మళ్ల లేస్తది, షేర్లు అమ్ముకోకు అత్తా" అన్నాను నేను. అప్పటికే నేను బడిలో పంతులమ్మను.

"నువ్వు పిల్లలకు ఎక్కాలు చెప్పుకోపో" అన్నాడు బాపు. అత్త నావైపు చూసింది, అన్నవైపు చూసింది. దుకాణం నడిపే మగమనిషి మాటే నమ్మింది. దిగిన ధరకు షేర్లన్నీ ఆయనకే తిరిగి అమ్మేసింది. చేతికొచ్చింది కిరాయికీ తిండికీ కరిగిపోయి, వచ్చే వానాకాలానికి ట్రంకుపెట్టెతో మా గుమ్మం ముందు నిలబడింది. ఏమైతే కాకూడదనుకుందో అదే అయింది.

మర్నాటి నుంచి పొయ్యి ఆమెది. ఏటా డివిడెండ్ వచ్చిన రోజు బాపు ఆమెతో భక్ష్యాలు చేయించుకునేవాడు. "నీ చేతి భక్ష్యాలు తినకుంటే డివిడెండ్ వచ్చినట్టే అనిపియ్యది" అని మెచ్చుకునేవాడు కూడా. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు పప్పు రుబ్బుతున్న అత్తకు అంగడి భాషలో అంతా విడమరిచి చెప్పాను.

"అంటే యాడాది తిరిగితే మళ్ల సూడి కడ్తుండెనా?"

"కడ్తుండె."

"అన్నకు ఎరుకేనా?"

"ఎరుకే."

అత్త పప్పు రుబ్బడం పూర్తి చేసింది.

కొన్నేళ్లకు బాపుకు పక్షవాతం వచ్చింది. ఒక కాలూ చెయ్యీ పడిపోయాయి, చూపు ఆనలేదు. ధరలు నేను చదివి వినిపించాలి. ఒక మధ్యాహ్నం నేను నోరు తెరవకముందే గడప దగ్గర నుంచి అత్త అంది: "తగ్గిందట అన్నా."

బాపు నావైపు తల తిప్పాడు. పేపర్లో ధర పెరిగి ఉంది. "అవును బాపూ" అన్నాను. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు.

ఆ రోజు నుంచి పేపర్లో ధర లేస్తూ పోయింది, మా ఇంట్లో దిగుతూ పోయింది. ఆయన ఒక్కటే అడిగాడు, తెలిసినవాడు అడగాల్సిన మాట: "పుస్తకం మూసినంక పడ్డదా, ముంగటనే పడ్డదా?"

"ముంగటనే" అంది అత్త.

బాపు మంచి చెయ్యి దుప్పటిని పట్టుకుంది. మూశాక దిగితే భయం లేదు. డివిడెండ్ ముందుండగానే దిగితే మిల్లుకే చేటు. ఆయనకు అంత బాగా తెలుసు కాబట్టే అంత బాగా నమ్మాడు. గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

ఆ ఏడు డివిడెండ్ ఎప్పటికంటే ఎక్కువ వచ్చింది. అత్త ఎవరూ అడగకుండానే భక్ష్యాలకు పప్పు ఉడకేసింది. నెయ్యి వాసన గదిలోకి పోయింది.

"డివిడెండ్ వచ్చిందానే?" బాపు గొంతులో ప్రాణం లేచివచ్చింది.

అత్త జావగిన్నె పట్టుకొని ఆయన పక్కన కూర్చుంది. "మిల్లే మునిగిందట, ఇంక డివిడెండ్ ఏడికెల్లొస్తదన్నా? పక్కింటోళ్లు చేస్కుంటున్నరు" అంటూ చెంచా నోటికి అందించింది. ఆయన రెండు చెంచాలు తాగి వద్దన్నాడు. మూతి తుడిచి, తలుపు దగ్గరికి వేసి వచ్చింది. వంటింట్లో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చొని భక్ష్యాలు వేడివేడిగా తిన్నాం.