జుమ్మా బాబాయ్, నా అవకలన సమీకరణం

ఆ రోజుల్లో చదువంతా ఫోన్లోకి వచ్చి కూర్చుంది. అంతకుముందు చదువుకోవాలంటే కాలేజీకి వెళ్లాలి, కాలేజీకి వెళ్లాలంటే బస్సెక్కాలి, బస్సెక్కాలంటే పొద్దున్నే లేవాలి. మధ్యలో ఇన్ని అడ్డంకులుండేవి కాబట్టి చదువు రాకపోయినా తప్పు మనది కాదని చెప్పుకునే వీలుండేది. ఫోన్లోకి వచ్చాక ఆ సుఖం పోయింది. జేబులో పెట్టుకుని తిరిగే చదువు కూడా రాలేదంటే లోకం ఒప్పుకోదు. నాకేమో డిగ్రీ మొత్తంలో ఒకే ఒక్క పేపరు మిగిలిపోయింది, అవకలన సమీకరణాలు, అదే డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ తప్పాను. (మొదటిసారి పద్దెనిమిది మార్కులు, రెండోసారి పదహారు. చదివినకొద్దీ తగ్గుతున్నాయని గమనించి, మూడోసారి అసలు చదవకుండా వెళ్దామని కూడా ఆలోచించాను.) ఇంతలో కాలేజీవాళ్లే దయతలిచి, ఆ పేపరుకు బదులు ఆన్‌లైన్లో పన్నెండు వారాల కోర్సు పాసైనా చాలన్నారు. కోర్సు పేరులో 'ఎలిమెంటరీ' అని ఉంది. నాకు మా వీధి చివర ఎలిమెంటరీ స్కూలు, అందులో అరటిపండు తింటూ ఎక్కాలు చదివే పిల్లలు గుర్తొచ్చారు. ఆ స్థాయైతే నేను తట్టుకోగలననుకుని చేరిపోయాను.

నరసరావుపేట బజారులో మాది స్టీలు సామాన్ల కొట్టు. మా నాన్నకు తెలిసిన దీవెనలూ శాపాలూ అన్నీ ఆ కొట్టు చుట్టూనే తిరిగేవి. కోర్సులో చేరానని చెప్పగానే ఆయన బిందె తుడుస్తున్న గుడ్డ ఆపకుండా, "ఇదే ఆఖరు. ఈసారి గూడా తప్పావా, ఆ ఫోను పక్కన పారేసి గల్లా దగ్గర కూర్చో. ఎమ్మెస్సీ గిమ్మెస్సీ, విశాఖపట్నం గిశాఖపట్నం అని మళ్లా నా దగ్గర ఎత్తమాక" అన్నాడు. నాకు విశాఖపట్నం వెళ్లి ఎమ్మెస్సీ చదవాలని ఉండేది. సముద్రం కోసమా, లెక్కల కోసమా అని అడిగితే ఇప్పటికీ నిజం చెప్పలేను. కానీ జన్మంతా గిన్నెల మీద పడ్డ వేలిముద్రలు తుడుస్తూ బతకాలన్న ఊహకే నాకు చెమటలు పట్టేవి. ఆయన అన్నాడంటే అన్నట్టే. కాబట్టి ఆ పన్నెండు వారాల మీదే నా బతుకు ఆధారపడింది.

ఒక చెవిలో ఇయర్‌ఫోను, రెండో చెవిలో బజారు. ఈ చెవిలో కోర్సు చెప్పే మేడమ్ "రెండు వైపులా సమాకలనం చేద్దాం" అంటుంటే, ఆ చెవిలో ఎవరో ఆవిడ "మూతలేని డబ్బా మాకెందుకయ్యా" అంటుండేది. ఎనిమిది వారాలు గడిచేసరికి వారం వారం పెట్టే చిన్న పరీక్షలన్నింటిలో కలిపి నేను సంపాదించింది చూస్తే కొట్లో కూర్చోవడం ఖాయమని తేలింది. మిగిలింది ఒక్క ప్రాజెక్టు, నలభై మార్కులు. మీ చుట్టూ మారుతున్న దేన్నైనా తీసుకుని, దానికి సమీకరణం రాసి, పది రోజులు స్వయంగా లెక్కలు సేకరించి, చివర్లో వీడియోకాల్లో వివరించాలి. కనిపించినదంతా రాసుకోండి, ఒక్క ముక్క కూడా వదలొద్దు అని మేడమ్ మరీ మరీ చెప్పారు. మా బ్యాచ్‌లో సగం మంది టీ చల్లారడం తీసుకున్నారు. (టీ పెట్టకుండానే అంకెలు వేసేశారు. వాళ్ల టీలు ఇప్పటికీ చల్లారుతూనే ఉండి ఉంటాయి.) నాకు మాత్రం మేడమ్ ఉదాహరణగా చెప్పిన ఇంకో సంగతి తలకెక్కింది. పుకారు ఎంత వేగంగా పాకుతుందనేది, తెలిసినవాళ్ల సంఖ్యను తెలియనివాళ్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుందట. మొదట్లో చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి నెమ్మది, చివర్లో వినేవాళ్లు మిగలరు కాబట్టి నెమ్మది, మధ్యలో మాత్రం మంట. జీవితంలో మొదటిసారి ఒక అవకలన సమీకరణం నాకు పూర్తిగా అర్థమైంది. అది సమీకరణం కాదు, మా వీధి.

ఇక పుకారు ఒకటి కావాలి. కరెంటు పోతుందంటే జనం కంగారుపడతారు, దొంగలంటే పిల్లలు దడుచుకుంటారు. ఎవరికీ నష్టం కలిగించనిదీ, అంత తొందరగా ఎవరూ నమ్మనిదీ అయితే తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చనుకున్నాను. మా కొట్టు ఎదురుగా జుమ్మా బాబాయ్ టైలరు షాపు. ఆయన అసలు పేరు ఆయన రేషను కార్డుకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. గుడ్డ ఎప్పుడిచ్చినా సరే "జుమ్మా నాటికి ఇస్తా తల్లీ" అనేవాడు, అంటే శుక్రవారానికి. ఏ శుక్రవారమో మాత్రం చెప్పేవాడు కాదు. చేతిపని బంగారం, మాట మాత్రం గాలి. నామకరణానికని ఇచ్చిన గౌను ఆ పిల్ల అక్షరాభ్యాసానికి అందిందని చెప్పుకునేవారు. (అప్పటికి అందులో తల కూడా దూరలేదట.) అందుకే ఒక మంగళవారం పొద్దున, మా పక్కనే మూరలు కొలిచి పూలమ్మే పూల పిన్ని దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి, "పిన్నీ, విన్నావా? జుమ్మా బాబాయ్ ఇప్పుడు చెప్పిన రోజుకే బట్టలిస్తున్నాడంట" అన్నాను. పిన్ని చేతిలో దారం ఆగిపోయింది. "ఒరేయ్, పొద్దున్నే ఏందిరా ఈ మాటలు, తల స్నానం చేసి పూల దగ్గర కూర్చున్నా" అంది.

మా వీధిలో కొట్లలో కూర్చునేవాళ్లూ గడపల్లో కూర్చునేవాళ్లూ నాతో కలిపి అరవై నాలుగు మంది. ఆ సంఖ్య నోటుబుక్కు మొదటి పేజీలో పెద్దగా రాశాను. రెండోరోజు సాయంత్రం బయల్దేరి వరసగా తొమ్మిది మందిని "జుమ్మా బాబాయ్ చెప్పిన రోజుకే ఇస్తున్నాడంట, విన్నారా?" అని అడిగాను. ఎవరూ వినలేదన్నారు. తొమ్మిది సున్నాలు నీట్‌గా వేసుకుని ఇంటికొచ్చి అన్నం తింటుండగా, ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. విన్నారా అని అడుగుతూ నేనే వినిపించి వచ్చాను! శాస్త్ర పరిశోధన చేస్తున్నాననుకుంటూ ఒక్క సాయంత్రంలో తొమ్మిది ఇళ్లకు స్వయంగా పుకారు మోసిన మొనగాణ్ని బహుశా నేనొక్కణ్నే. మర్నాటి నుంచి అడగడం మానేసి కొట్లో కూర్చుని, ఎవరంతట వాళ్లు వచ్చి చెబితేనే లెక్కలో వేసుకున్నాను. చెప్పిన ప్రతివాళ్ల ముందూ అప్పుడే విన్నట్టు నోరు తెరవాలి గదా. శుక్రవారానికి నలభై మంది ముందు నోరు తెరిచి ఉంటాను. మా నాన్న చూసి చూసి, "ఏందిరా, గిరాకీ వచ్చినప్పుడల్లా చేపలాగా నోరు తెరుస్తావు? దవడలు పట్టేసినయ్యా?" అన్నాడు. ఇంకో చిత్రమేమిటంటే, వచ్చినవాళ్లు బాబాయ్ సంగతి చెప్పాక పోతూ పోతూ, "నువ్వు గూడా ఈసారి పాసంట గదా, విశాఖపట్నం పోతన్నావంట గదా" అని ఒక మాట విసిరేవారు. రెండుసార్లు తప్పినవాణ్ని పట్టుకుని ఎంత ఎగతాళి! ఒళ్లు మండినా, ఒక్క ముక్క కూడా వదలొద్దన్నారు కాబట్టి 'ఇతర మాటలు' అనే గడిలో అవి కూడా రాసుకున్నాను.

ఎదురుగా షాపులో మాత్రం పరిస్థితి చేయి దాటిపోయింది. ఆడవాళ్లు జాకెట్టు గుడ్డలు సంచుల్లో పట్టుకొచ్చారు. బాబాయ్ అలవాటు కొద్దీ "జుమ్మా నాటికి ఇస్తా" అంటే, పూర్వంలాగా మూతి విరవకుండా, "మీరిస్తారుగా, మాకు తెలుసు" అని నవ్వి వెళ్లిపోయారు. పుకారు వీధి దాటి చిలకలూరిపేట బస్సెక్కింది. అక్కణ్నుంచి ఒక టీచరమ్మ చుట్టాలింటికి వచ్చి, పనిలో పనిగా రెండు జాకెట్లు కొలతలిచ్చి వెళ్లింది. (నా అరవై నాలుగు అప్పుడే తప్పయింది, కానీ పేజీ అంత అందంగా ఉంటే కొట్టేయబుద్ధి కాలేదు.) ఆదివారం పొద్దున బాబాయ్ మెడలో టేపు వేసుకుని బయల్దేరాడు. "నీకెవరు చెప్పారమ్మా?" అని ఒకరిని, వాళ్లు చూపించినవాళ్లను, మళ్లీ వాళ్లు చూపించినవాళ్లను అడుగుతూ అరగంటలో పూల పిన్ని దగ్గరికీ, అక్కణ్నుంచి నా దగ్గరికీ వచ్చి నిలబడ్డాడు. పుకారు మొదలైన క్షణానికి వెనక్కి వెళ్లే లెక్క నాకు రెండు రోజులుగా తెగలేదు. ఆయన సమాకలనం లేకుండా తేల్చేశాడు.

నేను కాళ్ల మీద పడడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన తిట్టలేదు. మా కొట్టు అరుగు మీద కూలబడి, "ఒరేయ్ అబ్బాయా, ముప్పై ఏళ్లుగా కుడతన్నా. నేను చెప్పిన రోజుని ఎవరూ నమ్మలా, నేను గూడా నమ్మలా, అందరం హాయిగా ఉన్నాం. ఇప్పుడేందిరా వాళ్లంతా నమ్మకంగా నవ్వి పోతన్నారు? నాకు చానా భయంగా ఉందిరా" అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. అబద్ధమని అందరికీ చెప్పేస్తానన్నాను. ఆయన ఒక్క ఉదుటున లేచాడు. "నోరు ముయ్యి! ఇన్నాళ్లకి వచ్చిన పేరు, నువ్వు తీసేస్తావా? జుమ్మా నమాజుకు పొయ్యేలోపు పదకొండు జాకెట్లు హేంగరెక్కాల. ఎక్కిస్తా. హుక్కులు నువ్వు కుట్టు" అన్నాడు.

అలా ఆదివారం నుంచి నేను హుక్కుల శాఖలో చేరాను. మొదటి జాకెట్టుకు హుక్కులు తిరగేసి కుట్టాను, రెండోదాన్ని నా ప్యాంటుతో కలిపి కుట్టాను. (లేచి నిలబడినప్పుడు జాకెట్టు కూడా నాతో లేచింది.) సరిగ్గా ఆ శుక్రవారమే, పదకొండు గంటలకు నా వీడియోకాల్. తప్పించుకునే దారి లేక దారపు రీళ్ల డబ్బాకు ఫోను ఆనించి, వేలికి సూది గుచ్చుకుంటూ మేడమ్ ముందు కూర్చున్నాను. ఆవిడ పట్టిక చూసి, "రెండోరోజుకీ మూడోరోజుకీ మధ్య ఇంత గెంతు ఎందుకుంది?" అన్నారు. "అది నేనేనండి మేడమ్" అని జరిగింది చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుంటున్నారా, నవ్వు ఆపుకుంటున్నారా తెలియలేదు. "ఇంతకీ ఈ పుకారు నిజమా, అబద్ధమా?" అన్నారు. అదే సమయానికి చిలకలూరిపేట టీచరమ్మ షాపులోకొచ్చి, తన రెండు జాకెట్లు హేంగర్ల మీద చూసి, "అమ్మో, నిజంగానే!" అని కేక వేసింది. "మేడమ్, పొద్దున పది దాకా అబద్ధమండి. ఇప్పుడు నిజం" అన్నాను. బాబాయ్ ఫోను వైపు వంగి, "అమ్మా, మీరు ఏ ఊళ్లో ఉంటారో గానీ, కొలత జాకెట్టు ఒకటి పంపండి, జుమ్మా నాటికి ఇస్తా" అన్నాడు.

మేడమ్ ఈసారి దాచుకోకుండా నవ్వారు. తర్వాత పేజీలు తిప్పుతూ ఆగి, 'ఇతర మాటలు' గడిలో ఉన్నవి పైకి చదవడం మొదలుపెట్టారు. "పద్నాలుగో మనిషి, 'నువ్వు ఈసారి పాసంట గదా.' పదిహేడో మనిషి, 'విశాఖపట్నం పోతన్నావంట గదా.' ఇరవై రెండు, ఇరవై మూడు, ముప్పై... ఇది ఇంకో పుకారు కదా. నీ పుకారు కంటే ముందే మొదలైనట్టుంది, ఇంకా బాగా పాకింది. దీన్ని ఎవరు పుట్టించారు?" నేను సిగ్గుతో తల దించుకుని, "ఎగతాళి చేస్తున్నారండి" అన్నాను. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్న బాబాయ్ వాటిని ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చి నా వైపు తిరిగాడు. "ఎగతాళేంది రా? మీ నాన్నే గదా చెప్తన్నాడు. రెండు నెలల్నుంచి బకెట్టు కొన్నోళ్లకీ, కొననోళ్లకీ అదే మాట. మావాడు ఫోన్లోనే పెద్ద లెక్కలు నేర్చుకుంటన్నాడు, ఈసారి పాసవుతాడు, విశాఖపట్నం పోతాడు అని. వీధి మొత్తానికి తెలుసు. నీకు తెలవదా?"

వీధి అవతల మా కొట్లో మా నాన్న ఎవరికో ఇడ్లీ పాత్ర చూపిస్తున్నాడు. ఏదో చెబుతూ మధ్యలో గడ్డంతో ఇటు వైపు చూపించాడు. ఇన్నాళ్లూ ఆ గడ్డం ఊపు చూసి నన్ను తిడుతున్నాడనే అనుకునేవాణ్ని. మేడమ్ ఏదో అడిగారు, నాకు వినపడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సూది గుచ్చుకుందని అబద్ధం చెప్పాను. ఆవిడ ఇంకేం అడగకుండా, రెండో పుకారును కూడా లెక్కగట్టి రిపోర్టులో కలపమని చెప్పి కాల్ పెట్టేశారు.

పాసయ్యాను, యాభై మూడు మార్కులతో. ఆ కబురు చెబుదామని కొట్లోకి పరిగెత్తితే మా నాన్న తలెత్తకుండా, "తెలుసులే. ఆ కుక్కర్లు పైన సర్దు. విశాఖపట్నం పొయ్యేదాకా అయినా పని చెయ్యి" అన్నాడు. బాబాయ్ సంగతంటారా, వరసగా నాలుగు శుక్రవారాలు మాట నిలబెట్టుకుని, ఐదో వారం హాయిగా మళ్లీ మామూలు మనిషయ్యాడు.

ఇదంతా జరిగి నాలుగైదేళ్లయింది. నేను విశాఖ వెళ్లాను, ఎమ్మెస్సీ చదివాను, ఇప్పుడు గుంటూరులో నాలాంటి వాళ్లకే ఈ పాఠం చెబుతున్నాను. ఆ రిపోర్టు ఇంకా నా ఫోన్లో ఉంది. అప్పుడప్పుడు తెరిచి, చివరి పేజీలో ఆ కుర్రాడు కొట్టివేతలతో రాసుకున్న రెండో పుకారు లెక్క చూసుకుని నవ్వుకుంటాను. వీధిలో మొత్తం మనుషులు అరవై నాలుగు. మా నాన్న మాట విన్నవాళ్లు, నమ్మినవాళ్లు అరవై మూడు. ఏమీ తెలియకుండా మిగిలిపోయింది ఒక్కడు.