రెండు సీట్ల కారులో మూడో మనిషి

నేను బడి మానేసింది ఎనిమిదో తరగతిలో. మానేశాను అంటే నేనేదో ఆలోచించి నిర్ణయం తీసుకున్నట్టు ఉంటుంది గానీ, నిజానికి మా లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు వదిలించుకున్నాం. ఆ తర్వాత ఆయన ఆరోగ్యం బాగుపడిందని విన్నాను. అన్నేళ్ళు బళ్ళో కూర్చుని నేను కనిపెట్టిన విషయం ఒక్కటే, బెంచీ చాలా గట్టిగా ఉంటుందని. ఆ ఒక్క పాఠం మీదే ఇవాళ్టికీ అన్నం తింటున్నాను. నరసరావుపేటలో నాది సీట్లు కుట్టే షాపు.

ఆటోలు, ట్రాక్టర్లు, స్కూలు బస్సులు, అప్పుడప్పుడూ కార్లు వస్తుంటాయి. మా వైపు కొత్త కారు షోరూములోంచి తిన్నగా గుడికి పోతుంది, గుడి దగ్గర్నుంచి తిన్నగా నా దగ్గరికి వస్తుంది. కంపెనీవాడు ఎంత మంచి సీటు వేసినా దాని మీద ఇంకో తొడుగు వేయాలి. ఆ తొడుగు మాసిపోకుండా ప్లాస్టిక్ కవరు, ఆ ప్లాస్టిక్కుకు చెమట పడుతుంది కాబట్టి తెల్ల టర్కీ తువ్వాలు. మనిషి కూర్చునే వేళకు అసలు సీటు ఎక్కడో అడుగున, తవ్వితే గానీ దొరకనంత లోతులో ఉంటుంది.

ఇక రంగులు. ఎన్నికలప్పుడు ఎవరు గెలిచారో తెలియాలంటే నాకు టీవీ అక్కర్లేదు. ఫలితాలొచ్చిన మర్నాడు ఏ రంగు రెక్సిన్ అడుగుతున్నారో చూస్తే చాలు. ఓడినవాళ్ళు కూడా వస్తారు. వాళ్ళు ఉన్న రంగు విప్పించుకోవడానికి వస్తారు.

అలాంటి షాపుకు ఒకరోజు లారీ మీద ఒక కారు వచ్చింది. నేలను రాసుకుంటూ పోయేంత పొట్టిది. రెండు తలుపులు, రెండే సీట్లు. ఎప్పటిదో విదేశీ స్పోర్ట్స్ కారు. హైదరాబాదులో ఎవరో పెద్దింటివాళ్ళ షెడ్డులో మూలిగే దాన్ని కొని, ఇంజనూ రంగూ అక్కడే చేయించి, లోపలి పని నా చేత చేయించాలని తెచ్చాడు గురజాల పక్క ఊరి మాజీ సర్పంచి. నేను అన్నా అని పిలుస్తాను. మిర్చి, పత్తి పండిస్తాడు. మంచి భూమి, మంచి మనసు. పదవి పోయినప్పటి నుంచీ మంచి నిద్ర మాత్రం లేదు.

"ఏందన్నా ఇది, ఎక్కే కారా, తొడుక్కునే కారా?" అన్నాను.

"నోరు మూసుకుని లోపల చూడరా" అన్నాడు.

లోపల ఎలుకలు నాకంటే ముందే పని మొదలుపెట్టాయి. లెదరు ఎండాకాలం పత్తిచేను నేలలా నెర్రెలిచ్చింది. పైకప్పు గుడ్డ ఊడి దోమతెరలా వేలాడుతోంది. డాష్‌బోర్డు మీద అతికిన చెక్కపొర పొట్టు పొట్టుగా లేచింది. సీటు కోసి చూస్తే కొబ్బరిపీచు, దాని కింద గుర్రపు వెంట్రుకలు.

"అన్నా, దీంట్లో గుర్రం ఇంకా ఉన్నట్టుంది."

అన్న నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుని సంగతి చెప్పాడు.

"మార్కెట్ యార్డు చైర్మన్ పదవి ఖాళీ అయిందిరా. నెలాఖరుకు పెద్దాయన మాచర్ల వస్తన్నాడు. ఆడినుంచి గురజాల మీటింగు దాకా నా కార్లో రమ్మని ఆయన మనుషుల చేత అడిగించా. సరేనన్నాడు. ఇంతకుముందు పదవులు ఎవురికిచ్చాడో చూసుకో. ఆ రోజు ఆయన పక్కన ఎవుడు కనపడితే వాడికిచ్చాడు. ఈసారి నేను కనపడాల."

పెద్దాయన అంటే మా జిల్లాలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే నాయకుడు.

"దానికి ఈ బొమ్మకారు ఎందుకన్నా? నీకు పెద్ద తెల్లకారుందిగా."

"తెల్లకార్లు అందరికీ ఉన్నయ్. వాటిల్లో ఎవుడిది ఏదో ఆయనకేం గుర్తుంటది? దీన్ని మర్చిపోతాడా?"

ఆ మాట కాదనడానికి లేదు. నేను కూడా ఆ కారును ఇంతవరకు మర్చిపోలేదు.

పని చేస్తున్నన్నాళ్ళు మాత్రం నాకు పండగే. పాత సీటు కుట్లు ఒక్కొక్కటే విప్పి, ఆ ముక్కల్ని కొత్త లెదరు మీద పరిచి, గీతలు గీసి కోశాను. ఆ కుట్టు వేసినవాడు ఏ దేశంలో, ఎప్పుడు పోయాడో తెలియదు గానీ, వాడి సూది నడిచిన దారినే నా సూది నడిచింది. ఆ కుట్టు ముందు నా నోరు కూడా కాసేపు ఊరుకుంది. ఇంట్లో మా ఆవిడ కంగారుపడి జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

రంగు దగ్గర అన్న మూడు రోజులు ఆలోచించి, ఏ పార్టీకీ చెందని కాఫీరంగు ఎంచుకున్నాడు. "పార్టీ మారినా సీటు మార్చే పని ఉండగూడదు" అన్నాడు. ఆ తెలివికి మెచ్చుకున్నాను. కానీ తెలివి అక్కడ ఆగలేదు. దుర్గి వెళ్ళి, శిల్పాలు చెక్కే ఆయన చేత నల్లరాతి సింహం తల చేయించి తెచ్చాడు. గేరు కడ్డీకి పిడిగా బిగించమన్నాడు. చెక్కడంలో వంక పెట్టడానికి లేదు, కోరలు కూడా ఉన్నాయి. రెండో గేరు వేసినప్పుడల్లా అవి అరచేతిలో దిగుతున్నాయి.

అంతా బిగించిన రోజు అన్న లోపలికి దిగి కూర్చున్నాడు. లెదరు వాసన పీల్చాడు. స్టీరింగు పట్టుకున్నాడు. మొహం వెలిగిపోయింది. అంతలోనే నిప్పు ముట్టుకున్నట్టు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఒరేయ్, నేను తోలితే పెద్దాయనకి నేను డ్రైవర్ననుకుంటారు గదరా!"

"సొంత కారు గదన్నా."

"సొంతదని నుదుటి మీద రాసుంటదా? స్టీరింగు కాడ కూర్చున్నోడికి మన వైపు ఎవుడన్నా దణ్ణం పెట్టాడా ఇంతవరకు?"

నిజమే, పెట్టరు. మా దగ్గర నాయకుడంటే ముందు ఎడమవైపు కూర్చునేవాడు. కుడివైపు ఉన్నవాడు డ్రైవరు. ఆ డ్రైవరు మహారాజు అయినా సరే, టీ తాగొచ్చావా అని అడుగుతారే గానీ నమస్కారం పెట్టరు.

"మా డ్రైవరు తోలతాడు. పెద్దాయన పక్కన కూర్చుంటాడు. నాకు వెనక్కాల ఒక సీటెయ్" అన్నాడు.

వెనకాల ఉన్నది సంచి పెట్టుకునే అరుగు. దాని మీద మనిషిని కూర్చోబెట్టడమంటే అటక మీద మంచం వేసినట్టే. ఆ సంగతి నాకు తెలుసు.

"అట్టాగే అన్నా" అన్నాను.

మర్నాడు కొలతలు చూసి మా ఆవిడ అడిగింది. "ఏమయ్యో, దీంట్లో కూర్చునేది మనిషా, మేకపిల్లా?"

"కాబోయే చైర్మన్."

"అయితే మేకపిల్లే" అని మిషను తొక్కింది.

పెద్దాయన వచ్చిన రోజు నేను కూడా మాచర్ల వెళ్ళాను. ఏదైనా ఊడితే బిగించాలని అన్న నన్ను సామాన్లతో సహా వెనక ఆటోలో రమ్మన్నాడు. ముందుగా ముందు సీటు వంచి అన్నను వెనక అరుగు మీదకు ఎక్కించాం. ఎక్కించాం అనడం మర్యాద, కుక్కాం అనాలి. మోకాళ్ళు చెవుల దగ్గరికి వచ్చాయి. ఖద్దరు చొక్కా నలిగిపోతుందని చేతులు గాలిలో పెట్టుకున్నాడు. తర్వాత సీటు వెనక్కి వేసి, పెద్దాయన్ని కూర్చోబెట్టాం. ఆయన భారీ మనిషి. సీటులోకి దిగగానే "అబ్బ, సోఫాలా ఉందే!" అన్నాడు. నా జన్మ ధన్యమైంది. వెనక నుంచి అన్న "అంతా మీ దయండీ" అన్నాడు. పెద్దాయనకు ఆ మాట ఇంజను చప్పుడులో కలిసిపోయింది.

రెంటచింతల వచ్చేసరికి ఎండ మండిపోతోంది. కారులో జరిగింది తర్వాత డ్రైవరు చెప్పాడు. రాతి సింహం పెనంలా కాగింది. డ్రైవరు గేరు ముట్టుకోలేక పెద్దాయన తువ్వాలు అడిగి దానికి చుట్టాడు. దానికి పెద్దాయన పగలబడి నవ్వాడు. అక్కణ్ణుంచి ఇద్దరికీ మాటలు కలిశాయి. ఈ ఊళ్ళో మనవాళ్ళెవరు, ఆ ఊళ్ళో అలిగినవాళ్ళెవరు అని ఆయన అడుగుతుంటే డ్రైవరు గడగడా చెబుతున్నాడు. ఏళ్ళ తరబడి అన్నను తిప్పినవాడు, అన్నకు తెలిసినవన్నీ వాడికి తెలుసు. వెనక నుంచి అన్న కూడా ఏదో చెప్పబోతే, సరిగ్గా అప్పుడే జనం దండలు వేయడం మొదలుపెట్టారు.

దండలు వేసింది పెద్దాయనకు. ఆయన మెడలో వేసుకున్నవి వేసుకున్నట్టు తీసి వెనక్కి విసురుతున్నాడు. ఏ కారులోనైనా నాయకులు చేసేది అదే, వెనక సీటు అందుకే కదా. బంతిపూలు అన్న ఒళ్ళో, భుజాల మీద, తర్వాత తల మీద పడ్డాయి. వెనక ఆటోలోంచి చూస్తుంటే కారు అద్దంలో పూలకుప్ప కనపడుతోంది. ఆ కుప్ప అప్పుడప్పుడూ దణ్ణం పెడుతోంది.

గురజాలలో జనం కారు మీద పడ్డారు. పెద్దాయన్ని ఇద్దరు చేతులు పట్టి పైకి లాగారు. ఆయన డ్రైవరు భుజం మీద చెయ్యేసి "రావయ్యా నువ్వు కూడా" అని వేదిక మీదకు తీసుకుపోయాడు. ఆ తోపులాటలో ఎవరో తలుపు వేసేశారు. లోపలి పిడి ముందు సీటు పక్కన ఉంటుంది, అన్న చెయ్యి అంతదూరం పోదు. నేను జనంలోంచి ఈదుకుంటూ వచ్చి సీటు వంచి ఆయన్ని బయటికి లాగేసరికి, మైకులో పెద్దాయన మాట వినబడుతోంది.

"ఇంత మంచి కారులో నన్ను తీసుకొచ్చిన ఈ తమ్ముడికి..."

చప్పట్లు కొట్టారు. డ్రైవరు భయంతో రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. అన్న కాలు తిమ్మిరెక్కి కారుకు ఆనుకుని నిలబడ్డాడు. జుట్టులో బంతిరేకులు. నేను దులపబోతే చెయ్యి తోసేశాడు.

పదవి ఎక్కడో వేరే మండలం ఆయనకు పోయింది. ఆ కారు లేకపోయినా ఆయనకే పోయేదని తెలిసినవాళ్ళన్నారు. ఇప్పుడు పెద్దాయన ఇటు ఎప్పుడొచ్చినా ముందు ఫోను డ్రైవరుకు వస్తుంది. వాడు నిజం చెప్పాడట, నేను డ్రైవర్నండీ అని. పెద్దాయన అది వినయం అనుకున్నాడు.

కొన్నాళ్ళకు అన్న కారు తోలుకుంటూ నా షాపుకు వచ్చాడు. ఈసారి స్టీరింగు దగ్గర తనే ఉన్నాడు. వెనక సీటు పీకెయ్యమన్నాడు. నేను ఊరుకుని ఉండొచ్చు. షాపు నిండా ఆటోవాళ్ళున్నారు, ఊరుకోలేదు.

"ఏందన్నా, చైర్మన్ గారి కుర్చీ అప్పుడే తీసేస్తే ఎట్టా?"

అందరూ నవ్వారు. అన్న ఆ నవ్వు అయిపోయేదాకా ఆగాడు.

"నవ్వరా. ఊళ్ళో ప్రతివోడి మీదా లేస్తది నీ నోరు. నేను మూడో సీటు అడిగిన రోజు మాత్రం 'అట్టాగే అన్నా' అంది. పెద్దాయన్ని చూసి నేను ముడుచుకున్నా, నన్ను చూసి నువ్వు ముడుచుకున్నావు. నేనైతే గురజాలలో ఆ సీట్లోంచి దిగా. నువ్వింకా దిగలా."