సొరబుర్రతో ధర్మవరం పగటి నాటకానికి

మా నింగప్ప బావ లెక్కలో లోకంలో ఉండేది రెండు రకాల మనుషులే. గొర్రెలు కాసేవాళ్లు ఒక రకం, పనికిమాలినవాళ్లు ఇంకో రకం. ఏడో తరగతి సగంలో బడి ఎగ్గొట్టి, ఊరూరా నాటకాలు చూస్తూ తిరిగే నేను ఏ రకమో మీకే అర్థమై ఉంటుంది. భార్య తమ్ముడు ఎట్లపోయినా ఆయనకు పట్టదు. కానీ ఒక్కగానొక్క కొడుకు హనుమంతు కూడా పోయిన ఏడు మందను వదిలేసి ధర్మవరంలో నాటకాల కంపెనీలో చేరిపోయినాడు. వాడు నాచేత ఒక మాట చెప్పి పంపినాడు. “మామా, నాయన్ను ఒక్కసారి వచ్చి నా ఆట చూడమను. చూసినాక కూడా వద్దంటే, ముఖాన రంగు కడుక్కొని ఆయన వెంటే వచ్చేస్తా.” బావ వెంటనే ఒప్పుకున్నాడు. చూడడానికి కాదు, వాణ్ని తోలుకొని రావడానికి. వాడు వేసేది ఆడవేషమని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. చెప్పింటే ప్రయాణంలో మజా యాడుంటుంది?

మాది లేపాక్షి పక్క పల్లె. మీరూ ఈ వైపు నుంచి పోయేటట్లయితే చీకటితోనే బండి కట్టుకొని హిందూపురం చేరండి. బస్సు కోసం మీరు కూర్చుంటారేమో గానీ, మీకోసం రైలు కూర్చోదు. పొద్దున ప్యాసింజరుకు ధర్మవరం దాకా మూడో తరగతి టిక్కెట్టు రూపాయిన్నర అటూ ఇటూ. ఎడమ పక్క కిటికీ పట్టుకోండి, కుడి పక్క ఎండ కాలుస్తుంది. తెల్లబట్టలు మాత్రం వద్దు. ఇంజను వదిలే మసికి దిగేసరికి మీరే వేషం కట్టినట్టుంటారు. మా బావకు ఆ భయం లేదు. భుజాన నల్ల కంబళి, చేతిలో మంద తోలే కట్టె, చంకలో సొరబుర్ర. ఎండిన సొరకాయను లోపల తొలిచి నీళ్లు నింపుకొనే ఆ బుర్ర లేకుండా ఆయన గడప దాటడు. ఎదురు బల్ల మీది మనిషి నవ్వు ఆపుకోలేక, “ఏమప్పా, మంద వెనక డబ్బాలో వస్తాండాదా?” అన్నాడు.

“మంద ఇంటికాడే ఉండాది. ఒకటే తప్పిపోయింది. దాన్ని తోలుకొచ్చేదానికి పోతాండా” అన్నాడు బావ, కట్టె నేలకు తాటిస్తూ. ఆ మనిషి కట్టెను చూసి కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

పెనుకొండలో రైలు చానాసేపు నిలబడుతుంది. కొండనూ కోటగోడనూ తీరిగ్గా చూడొచ్చు, కడుపులోకి ఏమైనా వేసుకోవచ్చు. ప్లాట్‌ఫారం మీద ఒకామె బొరుగులూ మిరపకాయ బజ్జీలూ అమ్ముతుంది. అణాకు ఇచ్చే పొట్లం ఒక మనిషికి చాలు. నేను రెండో పొట్లం అడిగితే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. “నాటకానికేనా అన్నా? ఆ రేకుల షెడ్డులో చుక్క నీళ్లు దొరకవు. ఇంక తినద్దు.”

“అమ్మేదీ నువ్వే, వద్దనేదీ నువ్వేనా?”

“నోరు మండి చస్తే తిరుగు రైల్లో నా బజ్జీలు ఎవరు తింటారు?” అంది. నేను వినలేదు. మీరైనా వినండి.

ధర్మవరం స్టేషను నుంచి షెడ్డుకు నడిచే పోవచ్చు, జట్కావాడి మాటలకు పడొద్దు. నాటకాలు మామూలుగా తెల్లవార్లూ ఆడతారు గదా, ఇది పగటి ఆట. మగ్గాలకు సెలవున్న రోజు మధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దుగూకే లోపల ముగిస్తారు. నేత పనివాళ్లు ఆడామగా పిల్లలతో సహా వస్తారు. నేల టిక్కెట్టు నాలుగణాలు, కుర్చీ రూపాయి. కుర్చీలో కూర్చునేది ఊరికి కనబడాలనుకునేవాళ్లు. నాటకం కనబడాలంటే నేలమీద, హార్మోనియం ఉండే పక్క కూర్చోండి. కింద పరుచుకోవడానికి ఏదన్నా మీరే తెచ్చుకోవాల. మాకు కంబళి ఉండనే ఉంది. గేటు కాడ మాత్రం చేతికర్రలూ గొడుగులూ లోపలికి పోనీయరు. కాపలావాడు కట్టె అడిగితే బావ ఇవ్వనన్నాడు. “ఇది లేకుండా వాణ్ని ఎట్ల తోలుకుపోయేది?” అంటే, “ఎవర్ని తోలుతావో ఆట అయినాక తోలప్పా” అని కాపలావాడు కట్టె లాగి మూలన పెట్టినాడు. అట్ల మా హనుమంతుకు ఒక గండం గడిచింది.

తెర లేచింది. రాజు వచ్చినాడు, మంత్రి వచ్చినాడు. బావ మెడ చాచి చూస్తూ, “మనోడు యాడ?” అన్నాడు. మూలన బల్లెం పట్టుకొని కొయ్యలాగ నిలబడిన భటుణ్ని చూపించినాను. బావ మొహం మాడిపోయింది. “థూ! దీనికా ఇల్లు ఇడిసింది? మా కాడ కట్టె పట్టుకొని ఇంతసేపు నిలబడితే దుడ్లన్నా వస్తుండె!” నేను కంబళి అంచు నోట్లో కుక్కుకొని నవ్వాపుకున్నాను.

అప్పుడు రాణి వచ్చింది. రాజు ఆమెను ఊరు వదిలి పొమ్మన్నాడు. ఆమె ఏడవలేదు. కొంగు ఒక్క విసురు విసిరి, నడుం చుట్టూ తిప్పి, చివర పళ్లతో పట్టి గట్టిగా దోపింది. బావ నా తొడ గిల్లినాడు. “ఏమబ్బా, ఇది మీ అక్క గదా! కోపమొస్తే అచ్చం ఇట్లనే దోపుతుంది.” అన్నాక ఆయనకే అనుమానం తగిలింది. భటుణ్ని చూసినాడు, రాణిని చూసినాడు, నన్ను చూసినాడు. కట్టె గేటు కాడ ఉండడం ఎంత మంచిదో నాకప్పుడు తెలిసింది.

రాణి పద్యం ఎత్తుకుంది. మా జనం సంగతి మీకు తెలిసిందే, పద్యం బాగుంటే పాడినవాణ్ని వదలరు. “వన్స్ మోర్!” అన్నారు, మళ్లీ పాడినాడు. ఇంకోసారన్నారు, పాడినాడు. రేకుల కింద ఎండకు ముఖాన రంగు చెమటతో కారిపోతాంది. అయినా ఈలలు ఆగలేదు. ఆ తర్వాత ఎత్తుకున్న రాగం సగంలో గొంతు జీరబోయి తెగిపోయింది. కుర్చీల్లో ఎవరో గొర్రెలాగా అరిచినాడు, షెడ్డంతా నవ్వింది. హనుమంతు తల వంచేసినాడు. వాణ్ని ఇంటికి పిలుచుకొనిపోవడానికి అంతకంటే మంచి సమయం బావకు దొరకదు. ఆయన లేచినాడు కూడా. నేను పంచె పట్టి లాగినా ఆగలేదు.

జనాన్ని తోసుకుంటూ స్టేజి కాడికి పోయి, కొండమీది మందను కేకేసే గొంతుతో అరిచినాడు. “ఏమప్పా, మనుషులేనా మీరు? గొర్రెనైనా నీళ్లు తాపి తోలతారే! ఆ రాణెమ్మ నా కొడుకప్పా!”

ఆ మీదట నవ్వు రేకులు అదిరేటట్టు లేచింది. ఇది వేరే నవ్వు. బావ అదేమీ పట్టించుకోకుండా సొరబుర్ర మూత తీసి పైకి చాచినాడు. రాణి వంగి రెండు చేతులా అందుకొని గటగటా తాగింది. వాడికి ఆ బుర్ర రుచి పుట్టినప్పటినుంచీ తెలుసు. హార్మోనియం ఆయన శ్రుతి ఒక మెట్టు తగ్గించినాడు. హనుమంతు మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి పద్యం చివరిదాకా ఎక్కడా తెగలేదు. బావ స్టేజికి ఆనుకొని అట్లనే నిలబడి విన్నాడు.

ఆట అయినాక వాడు సగం రంగు తుడుచుకొని, సొరబుర్ర పట్టుకొని వచ్చి నిలబడినాడు. “నాయనా, చెప్పినట్టే వస్తా. మూట కట్టుకొని రానా?”

“యాడికొస్తావు?” అన్నాడు బావ, వాడి చెవి కింద మిగిలిన రంగును కంబళి అంచుతో తుడుస్తూ. “వచ్చే నెల పెనుకొండలో ఆట ఉండాదంట గదా. మీ అమ్మను పిలుచుకొస్తా. ఆమె కొంగు ఎట్ల దోపుతుందో ఆమె కూడా చూడల్ల.”

తిరుగు రైల్లో ఆయన నాకు దూరంగా ఇంకో బల్ల మీద కూర్చున్నాడు. భటుడి సంగతి ఇంకా మరిచినట్టు లేదు. కానీ పెనుకొండ రాగానే తానే దిగి రెండు పొట్లాలు తెచ్చి, ఒకటి నా ఒళ్లో పడేసినాడు. నేను ఇన్నేళ్లు నాటకాలు చూసినాను, స్టేజి మీదివాళ్లకు దప్పిక అవుతుందని ఒక్కనాడూ తలచలేదు. ఈలలు వేయడమే మెచ్చుకోవడం అనుకున్నాను. నాటకం పేరు వింటేనే ఉమ్మేసే మనిషికి అది మొదటి ఆటలోనే తట్టింది. మా హనుమంతు ఇంక వెనక్కి చూసుకోకుండా పాడతాడు.

అందుకని మీకు చెప్పేది ఒకటే. పగటి నాటకానికి పోతే కుర్చీ దొరక్కపోయినా ఫరవాలేదు, నీళ్లు మాత్రం ఇంటినుంచి నిండుగా తీసుకుపోండి. గేటు కాడ కట్టె గుంజుకుంటారు గానీ, సొరబుర్రనెవరూ ఆపరు.