రివాల్వర్ ఇంటిపేరు

నాన్న పోయాక, తుపాకీ లైసెన్సున్న ఆయన స్నేహితుడొకరు టౌరంగా నుంచి వచ్చి, న్యూజిలాండ్‌లోనే టకానినిలో ఉన్న మా ఇంటి ఇనప్పెట్టె తెరిచారు. తుపాకీ నూనె వాసన గుప్పుమంది.

పాత రివాల్వర్లు సేకరించడం నాన్న పిచ్చి. ఒక్కోదాని పుట్టుపూర్వోత్తరాలూ విలువా వెతికి నోట్‌బుక్కులో రాసుకునేవారు. తయారీదారు ముద్ర చూపించి, "ఇదే దీని ఇంటిపేరు" అనేవారు.

నాకు ఏడేళ్ళప్పుడు ఒకదానికి ఎంత వెతికినా ముద్ర దొరకలేదు. "పాపం, దీనికి ఇంటిపేరు లేదమ్మా" అన్నారు. నాకు జాలేసింది. ఆయన ఫోనుకి లేవగానే, అప్పుడే నేర్చుకుంటున్న తెలుగులో, దాని చెక్క పిడి మీద మేకుతో మా ఇంటిపేరు చెక్కేశాను.

నాన్న తిరిగొచ్చి పిడిని వెలుతురుకి తిప్పి చూశారు.

"వత్తు మర్చిపోయావు" అన్నారు, అంతే.

ఇవాళ ఆ టౌరంగా అంకుల్ దాన్ని తిప్పి చూసి, "ఎవరో గీకేశారమ్మా, దీనికి వాల్యూ లేదు" అన్నారు. నేనని చెప్పలేకపోయాను. లైసెన్సు లేదు కాబట్టి ఉంచుకోనూ లేకపోయాను. అన్నిటితో పాటు దాన్నీ తీసుకెళ్ళారు.

కారు వెళ్ళిపోయాక నోట్‌బుక్కు తెరిచాను. ఆ రివాల్వర్ పేజీలో విలువ దగ్గర ఖాళీ. ఇంటిపేరు దగ్గర, నాన్న దస్తూరీలో మా పేరే ఉంది. వత్తు లేకుండా.