‘ఐయామ్ ఫైన్’ అన్న గోలీ

ఆదివారం పొద్దున ప్రాక్టీసులో పక్ రెండుగా కనిపించింది. మా వాడు దూరం నుంచి కొట్టిన షాట్ నా వైపు వస్తూ వస్తూ రెండయింది. వాటిలో ఏది అసలుదో తేల్చుకునేలోపే నా భుజం పక్కనుంచి నెట్‌లో పడింది. పక్ అంటే ఐస్ హాకీలో వాడే గట్టి రబ్బరు బిళ్ళ. దాన్ని ఆపడమే నా ఉద్యోగం. గోల్ ముందు నిలబడేవాణ్ణి మా ఆటలో గోలీ అంటారు.

మా అమ్మ నర్సు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు తెనాలి నుంచి బ్రిటన్‌లోని కార్డిఫ్ వచ్చాం. స్కూలు వాళ్ళు మంచు మీద ఆడే రింక్‌కి తీసుకెళ్ళి, స్కేటింగ్ రాదని నన్ను గోల్‌లో నిలబెట్టారు. అక్కణ్ణుంచి మొదలై ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక ప్రొఫెషనల్ క్లబ్ దాకా వెళ్ళాను. వెళ్ళి నాలుగు సీజన్లు బెంచీ మీద కూర్చున్నాను. గోల్‌లో ఎప్పుడూ ఒక కెనడా ఆటగాడే. నేను బెంచీ చివర కూర్చుని మిగతావాళ్ళకి మంచు మీదికి వెళ్ళే తలుపు తీసేవాణ్ణి, వేసేవాణ్ణి. 2015 చలికాలంలో ఆయన తొడ కండరం చిరిగింది. ఇరవై ఏడేళ్ళకి నా వంతు వచ్చింది.

పక్ రెండుగా కనిపించడానికి ముందురోజే నా ఏడో మ్యాచ్. అవతలి ఆటగాడు జారుకుంటూ వచ్చి నా మీద పడ్డాడు. తలకి, మొహానికి రక్షణగా పెట్టుకునే నా మాస్క్ గోల్‌పోస్టుకి కొట్టుకుంది. మా టీమ్ ఫిజియో పరిగెత్తుకొచ్చి, "యూ ఓకే?" అన్నాడు. "ఐయామ్ ఫైన్" అన్నాను. మిగతా ఆటంతా ఆడాను. గెలిచాం కూడా.

సోమవారం ఫిజియో జ్ఞాపకశక్తి, చురుకుదనం కొలిచే కంప్యూటర్ టెస్ట్ పెట్టాడు. అది సీజన్ మొదట్లో ఒంట్లో బాగున్నప్పుడు ఒకసారి చేయిస్తారు. దాన్ని బేస్‌లైన్ అంటారు. తలకి దెబ్బ తగిలాక మళ్ళీ చేయించి, రెండూ పోల్చి చూస్తారు. "బేస్‌లైన్ కావాలనే చెత్తగా చెయ్యి, ఎప్పుడో పనికొస్తుంది" అని సీనియర్లు చెప్పారు. అలాగే చేశాను. పనికొచ్చింది. పాసయ్యాను. ఏ లక్షణాలూ లేవని ఫారం మీద సంతకం పెట్టాను. ఫిజియో స్క్రీన్ వైపే చూశాడు గానీ నా మొహంలోకి చూడలేదు.

అమ్మ మాత్రం ఫోన్లోనే పట్టేసింది. "ఏరా, మాట ముద్దముద్దగా వస్తోందేంటి?"

"నిద్ర సరిపోలేదమ్మా."

"తలకేమన్నా తగిలిందా? నిజం చెప్పు నాయనా."

"లేదమ్మా. ఐయామ్ ఫైన్."

ఆమె న్యూరో వార్డులో పనిచేస్తుంది. ఆ రోజు నా మాట నమ్మినందుకు ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటుంది.

మూడు వారాలు అలాగే ఆడాను. కెనడా ఆయన కాలు నయమయ్యేలోపు నా స్థానం గట్టి చేసుకోవాలి. దెబ్బ తగిలి ఆయన పక్కకి తప్పుకుంటేనే నాకు చోటు దొరికింది. నేను తప్పుకుంటే ఏమవుతుందో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. చివరికి ఒక మ్యాచ్ ముందు వార్మప్‌లో మా వాడి షాటే మాస్క్‌కి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. మోకాళ్ళ మీద పడి, మాస్క్‌లోనే వాంతి చేసుకున్నాను.

ఆస్పత్రి ఎమర్జెన్సీ విభాగం, ఏ అండ్ ఈలో సీటీ స్కాన్ తీశారు. "సీటీ నార్మల్. అంటే బ్లీడింగ్ లేదని మాత్రమే. కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదరడం, స్కాన్‌లో కనిపించదు" అని డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. కోచ్ ఆ మొదటి రెండు మాటలే విన్నాడు. "నార్మలే కదా, వారంలో వచ్చేయ్."

వారం కాదు, నెలలు గడిచాయి. అమ్మ వచ్చి నన్ను కార్డిఫ్ తీసుకెళ్ళింది. వెలుగు భరించలేక పగలంతా కర్టెన్లు వేసుకుని పడుకునేవాణ్ణి. కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకునేవాణ్ణి. ఒక ఆదివారం చర్చికి వెళితే డ్రమ్స్ మొదలైన రెండు నిమిషాలకే బయటికి వచ్చి పేవ్‌మెంట్ మీద కూర్చుండిపోయాను. వెనకే వచ్చిన ఒక ఆంటీ నన్ను పైనుంచి కిందకి చూసి, "బానే ఉన్నాడుగా, దిట్టంగా" అంది. కాలికి కట్టుంటే ఆమె కుర్చీ తెచ్చి వేసేదేమో.

అయిదో నెలలో కాస్త తేలికపడింది. అమ్మ డ్యూటీలో ఉన్నప్పుడు చెప్పకుండా రింక్‌కి వెళ్ళాను. పది నిమిషాలు స్కేటింగ్ చేసేసరికి మంచు ఒక పక్కకి ఒరిగినట్టయి పడిపోయాను. మళ్ళీ మొదటికొచ్చింది.

ఆ వారమే కోచ్ ఫోన్ చేశాడు. వచ్చే సీజన్‌కి ఇంకో గోలీని తీసుకున్నారట. "నేను మీ కోసం దెబ్బతోనే ఆడాను" అన్నాను.

"మాకెలా తెలుస్తుంది? నువ్వే ఫైన్ అన్నావు. సంతకం కూడా నీదే" అన్నాడు.

న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ వచ్చేసరికి శరదృతువు. పోస్ట్ కంకషన్ సిండ్రోమ్, అంటే దెబ్బ లక్షణాలు నెలల తరబడి వదలకపోవడం అన్నాడు. మతిమరుపు ఏమన్నా ఉందా అని అడిగితే లేదన్నాను. పక్కనున్న అమ్మ మెల్లగా అంది: "ఇవాళ పొద్దున టిఫిన్ తింటూ ఎన్నింటికి బయల్దేరాలని మూడుసార్లు అడిగాడండీ, డాక్టర్‌గారూ." నాకు ఒక్కసారి అడిగినట్టు కూడా గుర్తు లేదు. అమ్మ బల్లవైపే చూస్తోంది.

అప్పుడు బేస్‌లైన్ సంగతి బయటపెట్టాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. "అయితే దెబ్బకి ముందు మీరెలా ఉండేవారో మాకు తెలీదు. ఇక తెలిసే దారి కూడా లేదు." ఎంత పోయిందో, నాకు మొదట్నుంచీ ఉన్నదెంతో, ఎవరూ చెప్పలేరు. అది నేను చేజేతులా చేసుకున్నది.

ఏడాదిన్నర, ఒంటి తూకం కుదిర్చే వెస్టిబ్యులర్ ఫిజియోథెరపీ చేశాక తిన్నగా నడవడం, బస్సెక్కడం, పేజీ చదవడం వచ్చాయి. ఆటలోకి మాత్రం తిరిగి వెళ్ళొద్దన్నారు. ఇప్పుడు 2019. ఒక హాస్పిటల్ ఎక్విప్‌మెంట్ స్టోర్‌లో రోజుకి నాలుగు గంటలు పని. సెలైన్, మందులు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపులు తుడిచి, చార్జింగ్ పెట్టి వార్డులకి పంపిస్తాను. కిటికీ లేని గది. ఆ పని ఒప్పుకున్నది అందుకే. పాత టీమ్ వాళ్ళు ఎవరూ ఫోన్ చెయ్యరు. నేనూ చెయ్యను. బాగయ్యావా అని ఎవరైనా అడిగితే, పని చేసుకుంటున్నాను అంటాను.

చదివేవాళ్ళకి ఒక్కటే చెప్తాను. తలకి దెబ్బ తగిలితే డాక్టర్ దగ్గరికి ఒంటరిగా వెళ్ళకండి. మీతో ఒకే ఇంట్లో ఉండే మనిషిని తీసుకెళ్ళండి, ముందు వాళ్ళని మాట్లాడనివ్వండి. దెబ్బతిన్నది తల కాబట్టి, అది తన గురించి చెప్పుకునే మాట నమ్మకండి.