ఎనిగ్మాటిక్ చీర

ఎమ్మే ఇంగ్లీషు పాసైన ఆ కొత్త రోజుల్లో నా కాళ్ళు నేలమీద ఆనేవి కావు. బందరులో అంత చదువు వెలగబెట్టి, పెడనలో మా బాబాయి కలంకారీ షెడ్డులో చేరాను. ఫోన్లో పెట్టే చీరల ఫొటోల కింద నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాయడం నా పని. అమ్మకాలు పెరిగితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. అదీ మాట. మొదటి చీరే నన్ను కట్టిపడేసింది. నీలం మీద తీగలు, తీగల్లో ఓ పిట్ట. అది మనవైపు చూస్తోందో, తల తిప్పేసుకుందో ఎంతసేపు చూసినా తేలదు. 'ఎనిగ్మాటిక్' అని రాసి (నా వీపు నేనే తట్టుకుని) పెట్టేశాను.

కాసేపటికే గుడివాడ నుంచి, ఎప్పుడూ మా దగ్గరే చీరలు కొనే కొట్టావిడ ఫోన్ చేసింది. "ఏమ్మా, ఆ మాటకి అర్థం ఏంటి?" అడగడమే ఆలస్యం, అందుకున్నాను. గ్రీకులో పొడుపుకథ అనే మాట నుంచి లాటిన్లోకి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వచ్చిందనీ, ఎక్కడో దాచిపెట్టిన రహస్యానికి కాదు, కళ్ళెదుటే ఉండి అంతు చిక్కని దానికి వాడతారనీ, మనిషి నవ్వుకీ మౌనానికీ కూడా...

"ఆగమ్మా, ఆగు! అంతు చిక్కదంటే, రంగు నిలుస్తుందో లేదో మీకే తెలీదనా? నాకొద్దు తల్లీ. ఆర్డరు మొత్తం ఆపెయ్యమను మీ బాబాయిని."

ఒళ్ళు మండిపోయింది! గ్రీసు నుంచి పెడన దాకా అంత ప్రయాణం చేసొచ్చిన మాటకి ఇదా మర్యాద? బాబాయి నా గోల పట్టించుకోకుండా ఫోన్ లాక్కుని, "రేపోసారి రండి అక్కయ్యగారూ, మీ కళ్ళముందే ఉతికి చూపిస్తాను" అన్నాడు. మా షెడ్డులో ఎవరి అనుమానమైనా తీరేది బకెట్లోనే.

ఆవిడ వచ్చింది. బాబాయి కొంగు సబ్బునీళ్ళలో ముంచి, కుమ్మి, పిండి చూపించాడు. నీళ్ళకి రంగంటలేదు. ఆవిడ తృప్తిపడి, తడి కొంగు వెలుతురుకి పట్టుకుని అలాగే ఉండిపోయింది. "అవునుగానీ, ఈ పిట్ట ఎటు చూస్తోందయ్యా? ఎంత చూసినా తేలట్లేదే!"

"అదేనండీ ఎనిగ్మాటిక్ అంటే!" షెడ్డు ఎగిరిపోయేలా అరిచాను.

"ఆ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా" అంది, నావైపు జాలిగా చూసి. చెప్పలేదటండీ! నేను చెప్పలేదట!

ఆర్డరూ నిలిచింది, ఉద్యోగమూ నిలిచింది. ఫొటో కింద మాత్రం బాబాయి 'రంగు గ్యారంటీ' అని రాయించాడు. ఇప్పటికీ అదే రాస్తున్నాను. మొన్న బందరు బస్సులో పక్క సీట్లో ఎవరో ఒకావిడ అదే పిట్ట చీర కట్టుకుంది. నేను పిట్ట వంకే చూస్తుంటే, "ఏంటండీ అలా చూస్తున్నారు?" అంది. గ్రీకు దాకా వెళ్ళబోయి ఆగిపోయాను.

"రంగు బాగా నిలిచిందండీ" అన్నాను.

ఆ కొత్త రోజుల్లోని నాలోని ఎమ్మే పిల్ల పక్కనుండి వినుంటే నన్ను నమిలి మింగేసేది.