సాయంత్రం దాకా ఆగే జవాబు

పుష్య బహుళ పంచమి, బుధవారం. పొద్దున మంచు, పొద్దెక్కాక ఎండ. గాలి లేదు. గేదెకు చొప్ప నరికి వేశాను.

రోజూ చిట్టా రాసుకునే అలవాటు కొద్దీ ఇట్లా మొదలుపెట్టాను. మన పఠన మందిరం వారు బావ గురించి నాలుగు మాటలు రాసి ఇమ్మన్నారు. నాకు వేరే విధంగా మొదలుపెట్టడం తెలియదు, చదివేవారు మన్నించాలి. ఆయన పోయిన కబురు వచ్చిన పొద్దున కూడా నేను చొప్పే నరుకుతున్నాను. పలకల కార్ఖానా నుంచి మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి, "మేస్త్రీ పోయినాడన్నా. తెల్లారుజామున జ్వరం ఎక్కువై పోయినాడంట" అన్నాడు. లోపల నా భార్య చేతిలోని చెంబు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. పడేసిన చప్పుడు కాదు. మెల్లగా పెట్టిన చప్పుడు.

ఆయన నా భార్యకు అన్న. మార్కాపురంలో ఆ కార్ఖానాకు పోయినవారు ఆయనను చూసే ఉంటారు. రాయి చీల్చేవాళ్లు చీల్చి, ఆడవాళ్లు ఇసుకా నీళ్లూ పోసి నున్నగా రుద్ది, చట్రం బిగించాక, పలక చివరికి ఆయన ముందుకు వచ్చేది. బలపం పడుతుందో లేదో చూడడం ఆయన పని. వేరే కార్ఖానాల్లో ఈ పని చేసేవాళ్లు అడ్డంగా ఒక గీత గీసి తుడిచేస్తారు. మా బావ ప్రతి ఉదయం మొదటి పలక మీద ఒక ప్రశ్న రాసి, పందిరి గుంజకు ఆనించి పెట్టేవాడు. రైలుబండికి ముందు ఆవిరితో ఏం నడిపారు? చెన్నపట్నంలో కోట కట్టుకోవడానికి తెల్లవాళ్లకు చోటిచ్చింది ఎవరు? కాంగ్రెసు మొట్టమొదట ఏ ఊళ్లో కూడింది? పొద్దుగూకే దాకా ఆ ప్రశ్న అక్కడే ఉండేది. పని దిగేటప్పుడు జవాబు చెప్పి, భుజం మీది తుండుగుడ్డ కొసతో తుడిచేసేవాడు. ఆ కొస ఎన్నిసార్లు ఉతికినా బూడిదరంగులోనే ఉండేది.

ఆ ప్రశ్నలు ఎక్కడివో చదివేవారిలో కొందరికి తెలుసు. బావకు కళ్లు మందగించాయి. దీపం పెట్టే వేళకు ఇద్దరం పఠన మందిరంలో కూర్చునేవాళ్లం. నేను చదివేవాణ్ని, ఆయన వినేవాడు. నేను బడికి పోయినవాణ్ని కాను. పొట్లాల కాగితాలు చూసి, దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. కనిగిరి నుంచి తెప్పించిన ప్రపంచ చరిత్ర పుస్తకం మొదట విప్పింది నేను. దేశాలు కనిపెట్టిన నావికులూ, యంత్రాలు చేసినవారూ, రాజ్యాలు చేతులు మారిన తీరూ నా నోటి నుంచే ఆయన చెవిలో పడ్డాయి. తెల్లారేసరికి అవి ఆయనవి అయిపోయేవి.

నా భార్య ఆ కార్ఖానాలోనే పలకలు రుద్దుతుంది. సాయంత్రం ఇంటికి వస్తూనే మొదలుపెట్టేది.

"మా అన్న ఇయాల ఏమడిగినాడో తెలుసునా?"

నాకు తెలుసు. ముందురోజు చదివింది నేనే. అయినా "ఏంది?" అనేవాణ్ని.

"కొలంబసు అనేటాయన సముద్రం మీద అన్నాళ్లు పోయినాడంట గదా, తాగేదానికి నీళ్లు యాడివి అని! పందిట్లో ఒకటే గలాటా. రాయి చీల్చే తాత ఏమన్నాడో తెలుసునా? సముద్రం నిండా నీళ్లే గదమ్మా అన్నాడు. ఉప్పునీళ్లు తాగి బతుకుతావా తాతా అంటే, మన వీధి బావి నీళ్లు తాగి బతికినోణ్ని, నాకు సముద్రం తియ్యగుంటదిలే అన్నాడు!"

"పీపాల్లో" అన్నాను నేను.

"ఏంది?"

"నీళ్లు. పీపాల్లో పోసుకొని పోయినారు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "అది అన్న చెప్పినాడులే" అని పొయ్యి దగ్గరికి పోయింది. కాసేపటికి అక్కడి నుంచే, ఎవరితోనో చెప్పినట్టు, "నేనయితే నీళ్లకు బదులు దోసకాయలు ఎత్తుకపోతా అన్నా నేను. మా అన్న పడీపడీ నవ్వినాడు. ఈ పిల్లను ఓడ ఎక్కించుకోకుండా పోయి చెడినాడమ్మా కొలంబసు అన్నాడు" అంది.

జవాబు సరైనది. చెప్పింది మొగుడు. నవ్వు మాత్రం కార్ఖానా పందిట్లో మిగిలిపోయింది.

ఒకసారి అడిగేశాను. "పుస్తకం చదివేది నేను గదా. నన్ను అడగవేంది?"

ఆమె దాపరికం లేని మనిషి. "నువ్వు సదివితే సదివినట్టుంటది. మా అన్న అడిగితే అడిగినట్టుంటది" అంది.

బావకు నా కడుపుమంట తెలియదనుకోను. పందిట్లో అందరి ముందూ, "పుస్తకం మా బావది, నోరు నాది" అనేవాడు. అందుకు నేను సంతోషించి ఉండాల్సింది. అట్లా చెప్పి ఇంకా మంచివాడు అయిపోతున్నాడే అని మరింత కుళ్లుకున్నాను. ఎవరైనా అడిగిన వెంటనే నేను జవాబు చెప్పేస్తానన్నదే ఆయనకు నా మీద ఉన్న ఒకే ఫిర్యాదు. "జవాబు యాడికీ పోదు బావా, సాయంత్రం దాకా ఆగుతది. మనుషులను కూడా రవ్వంత ఆగనీ" అనేవాడు.

తెలియనిది తెలియదనడం కూడా ఆయనకు చేతనయ్యేది. ఒక ముసలమ్మ, "అయన్నీ సరే మేస్త్రీ, ఈ పలక ఎవురు కనిపెట్టినారు?" అని అడిగిందట. "తెల్దు పెద్దమ్మా. నువ్వేనని రాసుకో, ఎవురొచ్చి కాదంటారో చూద్దాం" అన్నాడట. పందిరి ఎగిరిపోయేట్టు నవ్వారని నా భార్య చెప్పింది. నేను ఆ జవాబు కోసం పుస్తకమంతా తిరగేశాను. దొరకలేదు. దొరకలేదన్న దుఃఖం నాది, తెలియదని చెప్పిన పేరు ఆయనది.

అన్నిటికన్నా నన్ను కాల్చింది ఒకటుంది. మన సీమను తెల్లవాళ్ల కుంపిణీకి ఇచ్చింది ఎవరని ఒకనాడు పలక మీద రాశాడు. నా భార్య ఇంటికి వచ్చి, ఆరోజు నవ్వకుండా కూర్చుంది. "నిజాం నవాబు" అన్నాను. "తన దగ్గర పెట్టుకున్న కుంపిణీ పటాలం ఖర్చు కింద రాసి ఇచ్చినాడు."

"అది కాదయ్యా. ఇచ్చేటప్పుడు మనోళ్లను ఎవురన్నా అడిగినారా?"

ఆ పేజీ నేను ఎన్నోసార్లు చదివాను. నాకు ఆ మాట తట్టలేదు. "పుస్తకంలో లేదు" అన్నాను. మరునాడు అన్నను అడిగింది. ఆయన చేతిలోని పలక కింద పెట్టి లేచి నిలబడ్డాడట. "అందరూ వినండి. మా చెల్లెలు అడిగినదానికి పుస్తకం రాసినోడి దగ్గర కూడా జవాబు లేదు" అన్నాడట. ఆమె చెప్పిన ప్రశ్నను తన చేత్తో పలక మీద రాశాడు. సాయంత్రం తుడవలేదు. ఆ ఒక్కటే తుడవని ప్రశ్న. నేను చెప్పిందీ ఆయన చెప్పిందీ ఒకటే, లేదనే. నా దగ్గర ఆమె తల వంచుకుంది. ఆయన దగ్గర తల ఎత్తుకొని ఇంటికి వచ్చింది.

కర్మాంతరం అయ్యాక కార్ఖానా ఆడవాళ్లు వచ్చి, "ప్రశ్న లేక పందిరి బోసిగుంది. నువ్వన్నా వచ్చి రాయి అన్నా" అన్నారు. ఎన్నేళ్లుగానో కోరుకున్న చోటు అది. మొన్న సోమవారం పోయాను. రైలు గురించి రాశాను. అందరూ మర్యాదగా చదివారు. ఒకరు జవాబు చెప్పారు. సరైనదే, అవునన్నాను. ఇసుక రుద్దే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నా భార్య తల ఎత్తలేదు. మధ్యాహ్నం కాకముందే నా తుండుగుడ్డతో తుడిచి ఇంటికి వచ్చాను. చూస్తే నా గుడ్డ కొసకు కూడా బూడిద అంటింది. ఉతికితే పోయింది.

ఇంతవరకు రాసేసరికి పొద్దు వాలింది. నా భార్య గడప మీద కూర్చుంది. ఎదురుగా దండెం మీద బావ తుండుగుడ్డ ఉంది. తెచ్చిన నాటి నుంచి దాన్ని ఉతకలేదు, ఉతకనివ్వదు. గుడ్డ వైపే చూస్తూ, బావ పోయిన ఇన్నాళ్లకు నోరు విప్పింది.

"ఓడల్లో పోయేటోళ్లు దారిలో సచ్చిపోతే ఏం జేస్తారు?"

ఈ ఇంట్లో ఉన్నది నేను ఒక్కణ్నే. అయినా అడిగింది నన్ను కాదు. అది నాకు తెలుస్తూనే ఉంది. జవాబు నాలుక చివర ఉంది. పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా తెలుసు.

"సాయంత్రం చెబుతాలే" అన్నాను.

ఆమె గుడ్డ మీది నుంచి చూపు తిప్పి నన్ను చూసింది. "ఇది సాయంత్రమే గదయ్యా" అంది. కాసేపు ఆగి, "ఆడ మన్ను ఉండదు గదా" అంది. మళ్లీ ఆగింది. "చుట్టేదానికి తెరచాప గుడ్డ ఉంటది గదా..."

ఇంకా చెబుతోంది. గేదె అరుస్తోంది. సాయంత్రం చొప్ప రవ్వంత ఆగుతుంది.